వృత్తి: పాటలు పాడుట

తప్పు నాదే. ఏడు వరుసలు, ఏడు పేర్లు, ప్రతి పేరు పక్కన 'వృత్తి' అనే గడి. ఆ గడిలో ఏడుసార్లూ నా చేత్తో నేనే 'బీడీ కార్మికురాలు' అని రాశాను. రాసేటప్పుడు క్షణం కూడా ఆలోచించలేదు. కోరుట్లలో బీడీలు చుట్టే ఏ ఆడదాన్నయినా నిద్రలో లేపి నీ వృత్తేమిటని అడగండి, అదే చెబుతుంది. ఆ మాట రాస్తేనే బీడీ దవాఖానలో మందులిస్తారు, పిల్లలకు స్కాలర్‌షిప్పు వస్తుంది, పీఎఫ్ కార్డు నిలుస్తుంది. ఏ సర్కారు కాగితం ముందు పెట్టినా మా చేయి దానంతటదే ఆ రెండు మాటలు రాసేస్తుంది. కానీ ఆ రోజు నేను నింపింది బీడీల కాగితం కాదు. మా పాటల బృందాన్ని సంఘంగా రిజిస్టరు చేయించే దరఖాస్తు.

జగిత్యాల ఆఫీసులో గుమాస్తా కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, ఆ వరుసలన్నీ వేలు పెట్టి చదివాడు.

"గిది పాటల సంఘమా, బీడీల యూనియనా?" అన్నాడు.

"పాటల సంఘమే సార్," అన్నాను.

"మరి ఒక్కలన్న కళాకారులు లేరేందమ్మా? ఏడుగురికి ఏడుగురు బీడీలే. గిది ఈడ గాదు. లేబర్ ఆఫీసుకు పొండ్రి."

పోయాం. లేబర్ ఆఫీసాయన సంఘం పేరు చదివి నవ్వాడు. "పాటలు మాకాడికి రావమ్మా. ఎవలు పంపిండ్రు మిమ్ముల?" అన్నాడు. ఆ ఎండలో ముగ్గురం ఈ గడప నుంచి ఆ గడపకు, ఆ గడప నుంచి ఈ గడపకు తిరిగాం. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మాతో వచ్చిన పెద్దమ్మ ఆఫీసు మెట్ల మీద కూలబడి, దగ్గు ఆగాక అంది: "పాటలోళ్లేమో బీడీలోళ్లు పొమ్మంటరు. బీడీలోళ్లేమో పాటలోళ్లు పొమ్మంటరు. గిట్లయితే మనం ఎవలమే బిడ్డా?"

ఈ పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మా వాడకంతటికీ పెద్దమ్మే. పుట్టింది సిరిసిల్లలో, నేతపని చేసే ఇంట్లో. మగ్గం దగ్గర తండ్రి పక్కన కూర్చుని పాట నేర్చుకుంది. పెళ్లయి కోరుట్లకు వచ్చాక బీడీలు చుట్టడం నేర్చుకుంది. భర్త పోయి చాలా ఏళ్లయింది. మా ఇంటి పక్క గదిలో ఉండేది. ఎవరి మాటా పడేది కాదు. వాడలో ఎవరైనా మొగోడు ఇంట్లో గొంతు లేపితే గోడ ఇవతలి నుంచే జవాబు చెప్పేది.

మా పని ఎట్లా సాగేదో చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. పొద్దున ఇంటి పనులు ముగించుకుని ఏడుగురం మా వాకిట్లో గుండ్రంగా కూర్చునేవాళ్లం. ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కో చాట. చాటలో ఒక పక్క తడిపి కత్తిరించిన తునికాకు, ఒక పక్క తంబాకు. ఆకు చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. ఒక్కో బీడీ చాటలో పడగానే కత్తెరతో చాట అంచు మీద ఒక్క దెబ్బ. అదే మా తాళం. పెద్దమ్మ ఒక మాట ఎత్తుకునేది, మేం ఆరుగురం అందుకునేవాళ్లం. ఆమె ఏది ఎత్తితే అదే అనాలి. మనకు నచ్చిందా, గుర్తుందా, గొంతు బాగుందా అనేది లేదు. అంతా అయ్యాక ఎంతైనా కొట్లాడొచ్చు, పాట నడుస్తుండగా మాత్రం ఎవరూ తప్పుకోకూడదు. అది ఆమె పెట్టిన కట్టుబాటు.

తెలంగాణ ఉద్యమం ఊరూరా లేచిన రోజులవి. బస్టాండు దగ్గర టెంటు వేసి రోజుకో సంఘం దీక్షలో కూర్చునేది. మా బీడీల ఆడోళ్ల వంతు వచ్చిన రోజు మైకు మా చేతికిచ్చి ఒక పాట అందుకోమన్నారు. నిలబడ్డాం. చేతులు ఖాళీగా ఉన్నాయి. చిత్రం చూడండి, వాకిట్లో రోజంతా పాడే పాట, ఒక్కరి నోట్లోంచీ ఒక్క ముక్క రాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జనం నవ్వారు. పెద్దమ్మ చరచరా స్టేజి దిగి వాడలోకి నడిచింది. పారిపోయిందనుకున్నాం. కాసేపటికి ఏడు చాటలు ఒకదాని మీద ఒకటి నెత్తిన పెట్టుకుని వచ్చింది. కొంగులో కత్తెరలు.

"నిలవడి పాడుడేంది, మనమేమన్న బడిపిల్లలమా? కూసోండ్రి!" అంది.

కూర్చున్నాం. చాట ఒళ్లోకి రాగానే పాట వచ్చింది. "చుట్టేది మా చెయ్యి, పొగ ఎవ్వనిదిరో, నేసేది మా చెయ్యి, కోక ఎవ్వనిదిరో" అని ఆమె ఎత్తుకుంటే, నవ్విన జనమే మాతో కలిసి చప్పట్లతో అందుకున్నారు. ఆ రోజు నుంచి మేం 'చాటల బృందం' అయ్యాం. కథలాపూర్ రమ్మన్నారు, వేములవాడ రమ్మన్నారు. చాటలు సంచుల్లో కట్టుకుని బస్సెక్కేవాళ్లం. కండక్టర్లు వాటిని చూసి, "ఏందక్కా, వడ్లు చెరగవోతున్నరా?" అని ఆటపట్టించేవాళ్లు.

అట్లా ఒకసారి సిరిసిల్ల పోయాం. అక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు, బంద్ పెట్టి కార్మికులంతా రోడ్డు మీద కూర్చున్నారు. పుట్టిన ఊరు కదా, ఆ రోజు పెద్దమ్మ గొంతు వేరుగా ఉంది. సాంచాల చప్పుడు లేని సిరిసిల్లను నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు బజారు ఆ కొస దాకా పోయింది. పోలీసులు వచ్చి లేవమన్నారు. పాట అయ్యేదాకా మేం లేవలేదు. మమ్మల్ని చాటలతో సహా వ్యానెక్కించి స్టేషనుకు తీసుకుపోయారు.

స్టేషన్లో రైటరు, అంటే కేసులు రాసే కానిస్టేబులు, ఒక్కొక్కరినీ పిలిచి పేరు, వయసు, వృత్తి అడిగాడు. పెద్దదని పెద్దమ్మను ముందు పిలిచాడు.

"ఏం పని చేస్తవవ్వా?"

"పాట," అంది పెద్దమ్మ.

నేను వెనక నుంచి గిల్లాను. "బీడీలని చెప్పు పెద్దమ్మా. లేనిపోని లొల్లి ఎందుకు?"

"ఏం బీడీలు? నా కార్డు బందైంది గదా. అబద్ధం చెప్పాల్నా పోలీసోనికి?" అని ఆమె అతని వైపు తిరిగింది. "రాస్కో కొడుకా. గిప్పుడు నాకున్నది పాటొక్కటే."

కార్డు సంగతి నిజమే. అంతకు ముందే ఆమెకు దగ్గు ముదిరింది, చేతులు వణకడం మొదలైంది. బీడీలు వదులుగా వస్తున్నాయని కంపెనీవాళ్లు ఆమె పేరు కొట్టేశారు. చాట మాత్రం వదల్లేదామె. రోజూ మాతోనే కూర్చుని, ఖాళీ చాట అంచు మీద తాళం వేస్తూ పాడేది. రైటరు ఆమె వైపు ఒకసారి చూసి ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో మేం చూడలేదు. మేం ఆరుగురం బుద్ధిగా 'బీడీలు' అని చెప్పి, పొద్దు వాలకముందే సంతకాలు పెట్టి బయటపడ్డాం.

ఆ తర్వాతే మా వాడ బడిపంతులు ఒకాయన ఈ రిజిస్ట్రేషన్ సంగతి చెప్పాడు. బృందాన్ని సంఘంగా రిజిస్టరు చేయించుకుంటే సాంస్కృతిక శాఖ ఇచ్చే సాయానికి అర్హత వస్తుందట. సభ్యులకు కళాకారులుగా గుర్తింపు కార్డులట. వయసు మీదపడ్డ వాళ్లకు కళాకారుల పింఛను కూడా ఉంటుందట. ఈ మాటలు విని మాలో ఒకామె గయ్యిమంది. "ఎవలతోనైతే కొట్లాడుతున్నమో వాళ్లకాడికే చెయ్యి జాపుకుంట పోవాల్నా? సిగ్గుండాలె," అంది.

"చెయ్యి జాపుడేంది?" పెద్దమ్మ లేచింది. "గది వాళ్లయ్య సొమ్మా? మనం కట్టలు కట్టలు చుట్టిన బీడీల మీద పన్ను గుంజుకోలేదా? మనది మనకు ఇయ్యమంటున్నం. తెలంగాణ అడిగినట్టే గిదీ అడుగుతున్నం."

ఆ తర్వాత ఆమె గొంతు తగ్గింది. నేనట్లా ఆమెను ఎప్పుడూ చూడలేదు. "బుద్ధెరిగినప్పటిసంది బీడీలు చుట్టిన. కార్డు ఒక్క గీతతోని కొట్టేసిండ్రు. పాట గంతకుముందుసంది పాడుతున్న. ఒక్కలు రాసుకోలే. సచ్చేలోపట ఒక్క సర్కారు కాయితం మీద గిది పాడేదని ఉండాలె. గంతే నా కోరిక," అంది.

ఆ మాట నా గుండెలో పడింది. అందరిలో పదో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే కాబట్టి దరఖాస్తు బాధ్యత నెత్తికెత్తుకున్నాను. నెత్తికెత్తుకుని, ఆ కోరిక కోరిన మనిషి పేరు పక్కన కూడా 'బీడీ కార్మికురాలు' అని రాసిపెట్టాను! ఉన్న కార్డు కూడా పోయిన మనిషికి! ఇప్పటికీ తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

జగిత్యాల నుంచి తిరిగొచ్చి ఇంకో దరఖాస్తు తీశాను. ఈసారి వృత్తి దగ్గర 'గాయని' అని రాస్తానన్నాను. అనగానే వాకిట్లో కత్తెరలన్నీ ఆగిపోయాయి. "గాయని అని రాస్తే బీడీ కార్డు పోతదేమో," అని ఒకామె. "నా పేరు తీసెయ్యి తల్లీ, నాకీ తిప్పలు వద్దు," అని ఇంకొకామె. మాతో జగిత్యాల వచ్చిన మూడో మనిషి, మా వెనకింటి ఆపా, తురకోళ్ల ఇంటి కోడలు, ఆమె కూడా తల దించుకుంది. గొంతు చూస్తే పెద్దమ్మ తర్వాత ఆమే, ఆమె తర్వాతే మేమంతా. "నా బిడ్డ స్కాలర్‌షిప్పు ఉంది గదా. గది పోతే చదువు బంద్. ఏం చెయ్యాలె చెప్పు?" అంది.

సంఘానికి ఏడుగురు ఉండాలి. ఒక్కరు తగ్గినా కాగితం చెల్లదు. నేను బతిమాలాను, అరిచాను, చివరికి ఏడ్చాను కూడా. పెద్దమ్మ లేచింది. చాట దులిపి గోడకు ఆనించి తన గదిలోకి పోయింది. మరుసటి రోజు ఆమె వాకిట్లోకి రాలేదు. పాట లేకుండా కూర్చున్నాం. దీన్ని కూడా పని అంటారా? చేతులు ఎంతకీ సాగవు, పొద్దు ఎంతకీ పోదు. మధ్యాహ్నానికి ఆపాయే కత్తెర విసిరి లేచింది.

"రెండూ రాయి," అంది నాతో. "చేతులతోని బీడీలు చుడుతం, నోటితోని పాడుతం. రెండూ నిజమే గదా? అల్లా ముంగట రెండూ చెప్తం, వాళ్ల ముంగట చెప్పనీకేంది భయం? రాయి. పోయి పెద్దమ్మను పిలుసుకరా."

ఆరుగురికి 'బీడీ కార్మికురాలు, గాయని' అని రాశాను. పెద్దమ్మకు ఉత్త 'గాయని' అని రాశాను. మళ్లీ జగిత్యాల బస్సెక్కాం.

అదే గుమాస్తా. ఈసారి చూశాను, ఆయన చొక్కా జేబు మీద నల్ల బ్యాడ్జి ఉంది. ఉద్యోగులంతా ఉద్యమానికి మద్దతుగా నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని పని చేస్తున్న రోజులవి. మనోడే, పని అయినట్టే అనుకున్నాను. ఎక్కడ? ఆయన కాగితం తిరగేసి, "గాయని అని రాస్తే సాలదమ్మా. రుజువు గావాలె. యాడ పాడిండ్రు, ఎన్నడు పాడిండ్రు. పేపర్ల వడ్డదో, ఫోటోనో, ఎవలన్న అధికారి రాసిచ్చిన లెటరో," అన్నాడు.

మాకెవరు ఫోటోలు తీశారు? టెంటులో నాయకుల మెడలో దండలు పడేటప్పుడు తీసేవాళ్లు. ఒకే ఒక్కసారి పేపర్లో పడ్డాం. అందులో ఆపా మోచెయ్యి, సగం చాట కనిపిస్తాయి. అది తీసి చూపించాను. గుమాస్తా చాలాసేపు చూసి, "గిది ఎవలి చెయ్యి?" అని అడిగాడు. "నాదే సాబ్," అని ఆపా మోచెయ్యి పక్కన పెట్టి చూపించింది. ఆయనకు నవ్వొచ్చింది కానీ పని కాలేదు.

చెడ్డవాడు కాదాయన. గొంతు తగ్గించి ఉపాయం కూడా చెప్పాడు. "అందరు చేసేదే చెప్తున్న. ఏదన్న భజన మండలోళ్లతోని ఒక లెటర్ రాయించుకోండ్రి. కొండగట్టుకాడ జాతరల భజన చేసిండ్రని. గాళ్లకేం పోతది, రాసిస్తరు. ఇగ ఈ ముసలామెకైతే బీడీ కార్డు సుత లేదు, ఏ ఆధారం లేదు. ఈమె పేరు తీసి ఇంకో పేరు పెట్టుకోండ్రి. మీ ఫైలు సాఫ్ అయితది."

నిజం చెప్పాలి. నా మనసు ఒక్క క్షణం ఆ ఉపాయం వైపు మొగ్గింది. తిరిగి తిరిగి కాళ్లు పడిపోయాయి. తీరా చూస్తే ఆపా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "నన్ను కొండగట్టు భజనల రాస్తరా? రాయుండ్రి. అంజన్న ఏమీ అనడు గని మా అత్త ఊకుంటదా?" అంది. పెద్దమ్మ నవ్వలేదు.

"పాడినకాడ పాడిన అంట. పాడనికాడ పాడిన అని ఎందుకంట? కొండగట్టుకు పోయిన, మొక్కిన, కొబ్బరికాయ కొట్టిన. పాడలే. దేవుని పేరు మీద దొంగ కాయితం తెస్తే గా పాట నా గొంతుల ఉంటదా?" అని లేచింది. "నడువుండ్రి."

కోరుట్ల బస్సెక్కాం. పెద్దమ్మ కిటికీకి తల ఆనించి దగ్గుతూనే ఉంది. మాకు పాడిన చోట్లు ఎన్ని లేవు? కానీ ఏ ఊర్లో ఎవడు రాసి పెట్టుకున్నాడు మా పాట? టెంట్లు పీకేస్తే అయిపాయె. ఇట్లా తిట్టుకుంటూ తిట్టుకుంటూ ఉన్నట్టుండి నా నోట్లో తిట్టు ఆగిపోయింది. రాసుకున్నవాడు ఒకడున్నాడు. సిరిసిల్లలో. పేర్లు, వయసు, వృత్తి, చోటు, తేదీ, అన్నీ అడిగి మరీ రాసుకున్నాడు!

ఆపాకు చెబితే, "పిచ్చిపట్టిందా నీకు? గది పోలీసు కేసు," అంది. పెద్దమ్మకు చెబితే ముఖం ఇంత వెడల్పయింది. "గాయన అధికారే గదా?" అంది.

మరునాడే వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయాం. రాజన్న భక్తులతో బస్సు కిక్కిరిసి ఉంది. కొత్తగా గుండు చేయించుకున్న పసివాడొకడు దారి పొడుగునా పెద్దమ్మ ఒళ్లోనే నిద్రపోయాడు. స్టేషన్లో అదే రైటరు. మమ్మల్ని గుర్తుపట్టాడు.

"మల్ల ఏం చేసిండ్రవ్వా?" అన్నాడు.

"ఏం చెయ్యలే కొడుకా. నువ్వు రాసిన కేసు కాయితం నకలు గావాలె. ముద్ర కొట్టి ఇయ్యి," అంది పెద్దమ్మ.

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "అందరు కేసుల నుంచి పేరు తీసెయ్యమని అస్తరు. మీరేంది, నకలిమ్మంటున్నరు?"

చెప్పాను. అంతా విన్నాడు. ముద్దాయిలుగా నకలు తీసుకోవడం మా హక్కేనన్నాడు. కానీ ఒక హెచ్చరిక కూడా చేశాడు. "చూడుండ్రి, గిది మీరే తీస్కపోయి ఇంకో ఆఫీసుల పెడితే, పాడినమని మీ చేతులతోని మీరే ఒప్పుకున్నట్టు. రేపు కోర్టుల మేం పాడలేదంటే చెల్లది. మీ ఇష్టం."

"పాడలేదని ఎవలన్నరు?" అంది పెద్దమ్మ.

నకలు చేతికొచ్చాక స్టేషను బయట మెట్ల మీద కూర్చుని చదివి వినిపించాను. పోలీసుల రాత కదా, గొంతు సరిచేసుకుని చదవాల్సి వచ్చింది. 'పై ఏడుగురు ఆడవారు రోడ్డు మధ్యన చాటలు పెట్టుకొని కూర్చుండి, వాటిని కత్తెరలతో వాయించుచూ పాటలు పాడినారు. సదరు పాటలు వినుటకు జనం గుమిగూడి కూర్చుండిపోయినారు. పోలీసువారు ఎంత చెప్పినను లేవలేదు. పాట అయిపోయిన తరువాతనే లేచినారు.'

ఆపా పొట్ట పట్టుకుని నవ్వింది. మా పాట గురించి ఇంత బాగా ఎవరూ చెప్పలేదు, ఆ తర్వాత కూడా చెప్పలేదు. ముద్దాయిల పట్టికలో మా ఆరుగురికి 'బీడీలు చుట్టుట' అని ఉంది. మొదటి ముద్దాయి పెద్దమ్మ. ఆమె పేరు ఎదుట 'వృత్తి: పాటలు పాడుట' అని ఉంది. వేలు పెట్టి చూపించాను. ఆమెకు చదవడం రాదు. ఆ అక్షరాల మీద తంబాకుతో నల్లబడ్డ వేలు ఆనించి, "గింతేనా? గింత చిన్నగనా?" అంది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను, ఎందుకు దాచాలి?

మూడోసారి జగిత్యాల. గుమాస్తా నకలు చదువుతూ చదువుతూ దాన్ని చేతికి అంటుకుంటుందేమో అన్నట్టు బల్ల మీద పెట్టేశాడు. "అయ్యో, గిదేందమ్మా! సర్కారుకు వ్యతిరేకంగ పాడిన కేసు తెచ్చి సర్కారు సాయానికి జత చేస్తరా? పైన నన్ను తిడుతరు," అన్నాడు.

"రుజువడిగింది మీరే గద సార్. యాడ పాడినమో ఉన్నది, ఎన్నడు పాడినమో ఉన్నది, అధికారి సంతకమున్నది. ఇంకేం గావాలె?"

"నాకు తెల్వదు. గిది తీసుకోను."

ఇక నా వల్ల కాలేదు. సంచిలోంచి ఒక తెల్లకాగితం తీసి ఆయన ముందు పెట్టాను, పెన్ను మూత తీసి పక్కన పెట్టాను. "తీసుకోకుండ్రి. తీసుకోనని రాసియ్యుండ్రి. తెలంగాణ కోసం పాడింది పాట కాదు, గందుకే తీసుకుంటలేనని రాసి సంతకం పెట్టుండ్రి. మీ అంగీకున్న నల్ల బిళ్ల తియ్యకుండనే పెట్టుండ్రి," అన్నాను.  

ఆఫీసులో పక్క బల్లల వాళ్లు తలలెత్తారు. గుమాస్తా చేయి దానంతటదే జేబు మీది బ్యాడ్జి మీదికి పోయింది. పెద్దమ్మ మెల్లగా అంది. "నీ మీద పగ లేదు కొడుకా. నువ్వు టెంటుల కూసున్ననాడు ఎవల పాటకు చప్పట్లు కొట్టినవో యాదికి తెచ్చుకో. గంతే అడుగుతున్న."

ఆయన నకలు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. 'పాట అయిపోయిన తరువాతనే లేచినారు' అన్న చోట ఆగి, పెదాలు కదుపుతూ ఇంకోసారి చదివాడు. తర్వాత దరఖాస్తు వెనక దాన్ని పిన్ను చేసి, ముద్ర కొట్టి, రసీదు చింపి ఇచ్చాడు. కొన్నాళ్లకు రిజిస్ట్రేషన్ వచ్చింది. పెద్దమ్మ గుర్తింపు కార్డు కోసం, పింఛను కోసం మరో దరఖాస్తు పైకి వెళ్లింది. దానికీ అదే నకలు జత చేశాం.

అంతలో రైటరు చెప్పిన రోజు వచ్చింది. సిరిసిల్ల కోర్టు నుంచి సమన్లు. మా తరఫున ఉచితంగా నిలబడ్డ వకీలు మంచివాడు, ఉద్యమంలో ఉన్నవాడు. వరండాలో నిలబెట్టి మాకు పాఠం చెప్పాడు. "జడ్జిగారు నేరం ఒప్పుకుంటరా అని అడుగుతరు. ఏడుగురు 'లేదు సార్' అనుండ్రి. గంతే. సాక్షులు రారు, కేసు కొట్టేస్తరు. ఒప్పుకుంటే శిక్ష పడుతది, పేరు మీద మచ్చ పడుతది."

అందరం తలూపాం. నేనూ ఊపాను. ఆఫీసులో అంత ఎగిరిన నేను కోర్టు గదిలోకి పోగానే మెత్తబడ్డాను. ఆపా బిడ్డ చదువు, మా పీఎఫ్ కార్డులు, ఇంట్లో మొగోళ్ల ముఖాలు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. లేదు సార్, లేదు సార్ అని లోపల అప్పజెప్పుకుంటూ నిలబడ్డాను. పైన ఏదో ఆఫీసులో పెద్దమ్మ కార్డు ఫైలు ఉందని, అందులో మేం పాడామని ఉందని నాకు ఆ క్షణంలో గుర్తు కూడా లేదు.

మొదటి ముద్దాయి అని పిలిచారు. పెద్దమ్మ కొంగు సర్దుకుని ముందుకు నిలబడింది. రోడ్డు మీద అడ్డంగా కూర్చుని పాటలు పాడారని ఆరోపణ, ఒప్పుకుంటారా అని జడ్జిగారు అడిగారు. వకీలు ఆమె వైపే చూస్తున్నాడు.

"పాడిన సారూ," అంది పెద్దమ్మ.

వకీలు నుదురు పట్టుకున్నాడు. జడ్జిగారు ఇంకోసారి అడిగారు, అర్థమయ్యేట్టు నెమ్మదిగా, ఒప్పుకుంటే శిక్ష ఉంటుందని కూడా చెప్పి. "అర్థమైంది సారూ. పాడిన. కాదంటే గా కాయితం అబద్ధమైతది. నేను అబద్ధమైత. మంచిగనే పాడిన," అంది.

తర్వాత నా పేరు పిలిచారు. నాలుక చివర 'లేదు సార్' సిద్ధంగా ఉంది. కానీ ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ఆమె ఎత్తుకుంది. అందుకోవాల్సింది నేను. మధ్యలో తప్పుకోకూడదు.

"పాడిన సార్," అన్నాను.

నా వెనక ఆపా. "పాడిన సాబ్." ఆ వెనక నలుగురూ. ఒకరి మాట ఆగకముందే ఇంకొకరి మాట. జడ్జిగారు పెన్ను పట్టుకుని మా ఏడుగురినీ వరుసగా చూశారు. మందలించి, ఆ రోజు కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలని శిక్ష వేశారు.

పెద్దమ్మ కార్డు చాలా నెలలకు వచ్చింది. ఫోటోలో ఎవరితోనో కొట్లాటకు పోతున్నట్టే ఉంటుంది. వృత్తి దగ్గర ఉండాల్సిన మాటే ఉంది. కానీ ఆమెను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కార్డు కాదు. ఆ కోర్టు గదిలో వెనక బల్ల మీద ఏడుగురం వరుసగా కూర్చున్నాం. పాడడానికి లేదు, మాట్లాడడానికి లేదు. కాసేపటికి పెద్దమ్మ నా వైపు వంగి గుసగుసగా అడిగింది.

"ఏమన్నడే బిడ్డా గాయన?"

"సాయంత్రం దాంక గిట్లనే కూసోవాల్నట పెద్దమ్మా."

ఆమె ఒళ్లో ఖాళీ చేతులు ఒకసారి చూసుకుంది.

"గింతసేపు ఉత్త చేతులతోని ఎట్ల కూసుంటం? ముందుగాల చెప్తే చాటలన్న తెచ్చుకుందుము గదనే," అంది.